అక్క చదివిన క్యాసెట్లు

తొంభైల చివరలో మాకు నల్లగొండలో కంప్యూటర్ తరగతులు పెట్టారు. గ్రంథాలయాల్లో పనిచేసే వాళ్ళం ముప్పై మందిమి ఒక హాల్లో చేరాం. కంప్యూటర్లు మూడే. మౌస్ ముట్టుకునే అదృష్టం ఒక్కొక్కరికి పూటకోసారి దక్కేది. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ వాళ్ళు దాన్ని బల్లకేసి గట్టిగా నొక్కిపట్టి చెమటలు కక్కుతుంటే నాకు నవ్వొచ్చేది. నేనూ అంతకంటే మెరుగేమీ కాదు.

మూడో రోజు పాఠం చెప్పే ఆయన, కొత్త పద్ధతులంటే కంప్యూటర్ ఒక్కటే కాదని, చదివేవాళ్ళకు ఏది అవసరమో అది చేయడమేనని చెప్తూ నా వైపు చేయి చూపించాడు. "ఈయన ఎప్పుడో మగ్గాల దగ్గరికి క్యాసెట్లు పంపించారు. చేతులు ఖాళీలేని వాళ్ళకు పేపర్ చదివి వినిపించారు. రండి సార్, ఆ అనుభవం నాలుగు మాటల్లో చెప్పండి" అన్నాడు. లేచి బోర్డు దగ్గరికి వెళ్ళాను. అందరూ నన్నే చూస్తున్నారు. గొంతు బాగాలేదని చెప్పి వచ్చి కూర్చున్నాను. ఆయన పాపం మంచినీళ్ళు తెప్పించాడు.

నా గొంతు బాగానే ఉంది. ఆ రోజు చెప్పలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాను.

మా ఊరు ఆలేరుకూ రామన్నపేటకూ మధ్య ఉంటుంది. సగం ఊరు వ్యవసాయం, సగం ఊరు మగ్గాలు. బస్సులు ఆగే చోటు వెనక ఒక కిరాయి ఇంట్లో మా గ్రంథాలయం ఉండేది. ముందు గదిలో పేపర్లు, వెనక గదిలో బీరువాలు. నేను ఎనభైల నడుమ అక్కడ ఉద్యోగంలో చేరాను. అప్పట్లో పొద్దుగూకే వేళకు మగ్గం దిగిన మనుషులు నేరుగా మా దగ్గరికే వచ్చేవాళ్ళు. వాళ్ళ బట్టల నుంచి గంజి వాసన వచ్చేది. ఒకే పేపరును నలుగురు నాలుగు ముక్కలుగా పంచుకుని చదివి, చదివిన ముక్క పక్కవాడికిచ్చి, అవతలి ముక్క కోసం కాచుకునేవాళ్ళు. పేజీలు కలిసిపోతున్నాయని నేను కసురుకునేవాణ్ణి.

ఆ తరువాత ఊళ్ళోకి టీవీలు వచ్చాయి. బెంచీలు ఖాళీ అయ్యాయి. అదే సమయంలో చీరల బేరం పడిపోయి, మగ్గాల వాళ్ళు పొద్దున దిగిన మగ్గం గుంట నుంచి చీకటి పడితే గాని లేవడం లేదు. వచ్చినవాళ్ళు సంతకం చేసే రిజిస్టరులో వారానికి పది పేర్లు కూడా ఉండేవి కావు. ఒకటి రెండు సంతకాలు నేనే గీకాను. ఇప్పుడు చెప్పినా ఉద్యోగం పోదు కదా.

అప్పుడు పైనుంచి ఒక కాగితం వచ్చింది. చదివేవాళ్ళు రాకపోతే వాళ్ళ దగ్గరికి మీరే వెళ్ళండి, కొత్త సేవలు మొదలుపెట్టండి అని దాని సారాంశం. వెంట ఒక టేప్ రికార్డరు, ఆరు ఖాళీ క్యాసెట్లు పంపించారు. వాటితో ఏం చేయాలో రాయలేదు. కొన్నాళ్ళు అవి బీరువాలోనే ఉన్నాయి.

ఒకరోజు అక్క వాళ్ళింటికి వెళ్ళాను. అక్క నాకంటే అయిదేళ్ళు పెద్దది. మా అమ్మ చిన్నప్పుడే పోతే నన్ను చంకనేసుకుని పెంచింది అక్కే. కిరాణా దుకాణం నుంచి పప్పు కట్టించుకొచ్చిన కాగితం విప్పి, దాని మీది అక్షరాలు వేలు పెట్టి చూపించి నాకు చదువు నేర్పింది. ఆ కాగితం ఎప్పుడూ కథ మధ్యలోనే చిరిగిపోయి ఉండేది. ఆ తరువాత ఏమైందో అక్క సొంతంగా కల్పించి చెప్పేది. తనను పదో తరగతిలోనే మాన్పించి మా ఊరి మగ్గాల వాళ్ళింటికే ఇచ్చారు. చాలా ఏళ్ళకు ఒక్క కూతురు పుట్టింది.

నేను వెళ్ళేసరికి బావ మగ్గంలో ఉన్నాడు. పక్కింటి అవ్వ రాట్నం మీద కండెలు చుడుతోంది. అక్క గడప మీద కూర్చుని పాత పేపరు చదివి వినిపిస్తోంది. చదవడం అంటే ఉన్నది ఉన్నట్టు కాదు. రెండు వాక్యాలు చదివి, ఆగి, "గిదేందంటే అవ్వా, మనకు నూలు ఇచ్చే సంఘం ఉన్నది జూడు, గసొంటిదే ఇంకోటి వెడ్తరంట. ఇచ్చేది మాత్రం ఎప్పుడో రాయలే" అనేది. అవ్వ నవ్వేది. బావ మగ్గం ఆపి, "మల్లొకసారి సదువు" అనేవాడు. పిల్ల అక్క ఒళ్ళో పడుకుని పేపరు అంచు నములుతోంది.

నాకు అప్పుడు తోచింది. బీరువాలోని టేప్ రికార్డరు, ఆరు క్యాసెట్లు, అక్క నోరు. సూరత్, భివండి మిల్లుల్లో పనికి పోయి వచ్చినవాళ్ళ పుణ్యమా అని మగ్గాల వాడలో ఇంటికో రెండిళ్ళకో ఒక టేప్ రికార్డరు ఉండనే ఉంది. పొద్దున పేపరు రాగానే అక్కతో చదివించి, క్యాసెట్లలోకి ఎక్కించి, పుస్తకం ఇచ్చినట్టే రాసుకుని ఇస్తే సరిపోతుంది. అక్కకు చెప్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"నా గొంతు పట్టి ఏం జేస్తవ్ తమ్మీ? గవర్నమెంటోళ్ళు ఇంటే నిన్ను కొలువుల నుంచి తీసేస్తరు" అంది.

మరునాడు మాత్రం నాకంటే ముందే వచ్చి తాళం దగ్గర నిలబడింది. తలకు నూనె రాసి, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుంది. గొంతు రికార్డు చేయడానికి మంచి చీర ఎందుకని అడిగితే, "పనికి వచ్చిన కద" అంది.

వెనక గదిలో బీరువాల మధ్య కిటికీ మూసి రికార్డు చేసేవాళ్ళం. ఒక వైపు పేపరు, రెండో వైపు ఒక కథో, పిల్లలకు పనికొచ్చే విషయమో. రోజుకొక క్యాసెట్ నిండి మధ్యాహ్నానికి వాడలోకి వెళ్ళేది. ఒకరి ఇంట్లో టేప్ రికార్డరు పెడితే నాలుగిళ్ళకు వినిపించేది. ఇల్లిల్లూ తిరిగి వారానికి ఆ క్యాసెట్ వెనక్కి వచ్చేది. దానిమీదనే కొత్త వార్తలు ఎక్కించేవాళ్ళం. కొత్త క్యాసెట్లు పంపమని నేను రాసిన కాగితాలకు జవాబు రాలేదు. పాత వార్తలు ఎవరికి కావాలని నేనూ పెద్దగా పట్టించుకోలేదు.

ఆ మొదటి నెలలు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు నిండుతుంది. వాడలో నడుస్తుంటే ప్రతి ఇంట్లోంచీ మా అక్క గొంతే. మగ్గం చప్పుడు మధ్యలో "ఇగ చెప్తున్న ఇనుండ్రి" అని మొదలుపెట్టేది. ధరలు చదివి "మనకెందుకు తీ, మనం కొనేదా" అనేది. చావు వార్త చదివితే కాసేపు ఊరుకుని, "పాపం, పిల్లలెంత మందో రాయలే" అనేది. రాట్నం తిప్పే అవ్వ ఒకసారి నన్ను ఆపి, "సారూ, నీ పేపరోళ్ళకంటే నీ అక్కకే మంచిగ తెలుసు" అంది. నేను నవ్వి ఊరుకున్నాను గాని లోపల ఏదో గుచ్చుకుంది.

ఆ గుచ్చుకోవడం సంగతి చెప్పాలి. ఉద్యోగానికి ముందు నేను హైదరాబాదులో గ్రంథాలయ శిక్షణకు వెళ్ళాను. మొదటి వారంలోనే ఒకరోజు పాఠం బయటికి చదవమన్నారు. నేను లేచి చదివాను. మధ్యలో ఒక సందేహం వచ్చి, మా ఊళ్ళో మాట్లాడినట్టే అడిగాను. క్లాసంతా గొల్లున నవ్వింది. కోస్తా జిల్లాల నుంచి వచ్చిన ఒకాయన నా మాటను అచ్చంగా నాలాగే అని చూపించాడు, మళ్ళీ నవ్వారు. ఆ ఏడాదంతా నేను అవసరమైతే తప్ప నోరు విప్పలేదు. సాయంత్రాలు రేడియో ముందు కూర్చుని వార్తలు చదివేవాళ్ళ వెంటే పెదవులు కదిపి సాధన చేసి, ఊరికి తిరిగొచ్చేసరికి ఒక కొత్త భాష మాట్లాడుతున్నాను. అక్క నన్ను "రేడియో" అని ఏడిపించేది.

క్యాసెట్లు మొదలైన కొన్ని నెలలకు జిల్లా నుంచి ఒక అధికారి మా సేవను చూడటానికి వస్తున్నాడని కబురొచ్చింది. ఆయన ఒక్క క్యాసెట్ పెట్టి వింటే, అందులోంచి "గిదేందంటే అవ్వా" అని వినిపిస్తే. నాకు ఆ క్లాసు గది కళ్ళ ముందు కనిపించింది. పదిరోజుల టైముంది. అక్కను కూర్చోబెట్టి, ఇక నుంచి పేపర్లో ఉన్నది ఉన్నట్టే చదవాలని, సొంత మాట ఒక్కటి కూడా ఉండకూడదని, రేడియోలో ఎలా చదువుతారో అలాగే చదవాలని చెప్పాను.

"గట్ల సదువుడు నాతోని గాదు తమ్మీ. ముక్కు మూసుకుని మాట్లాడినట్టుంటది" అంది.

"నేర్చుకుంటే వస్తుంది" అన్నాను.

నేర్పించాను. ఎంత మొండిగా నేర్పించానో చెప్పడానికి సిగ్గేస్తుంది. ఒక్క మాట జారితే టక్కున ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ మొదటినుంచీ చదివించేవాణ్ణి. "వస్తది కాదు, వస్తుంది. చేసిన్రు కాదు, చేశారు." నేను చిన్నప్పుడు పప్పు కాగితం మీది అక్షరాన్ని తప్పు చదివితే అక్క నవ్వేదే గాని ఇలా ఒక్కసారి కూడా కసురుకోలేదు. పొడుగు వాక్యాల మధ్యలో అక్క ఆగిపోయి ఊపిరి తీసుకునేది. ఆ ఊపిరి టేపులో గట్టిగా వినిపించేది. "ఊపిరి ఎక్కడ తీసుకోవాలో కూడా తెలియకపోతే ఎలా అక్కా" అనేవాణ్ణి. "ఏమో రా, ఈ నడుమ జర ఎక్కువైతాంది" అనేది. సాధన లేక అలా అవుతోందని నేను తీర్మానించాను.

పదిరోజుల్లో నేర్చుకుంది. నేను కోరినట్టే, ఇంకా చెప్పాలంటే నేను కోరినదానికంటే బాగా. కళ్ళు మూసుకుని వింటే ఏ ఊరి మనిషో చెప్పలేం. పాత పద్ధతిలో చదివిన వాటిమీద కొత్త పద్ధతిలో చదివినవి ఎక్కించాం. ఆరు క్యాసెట్లలోనూ ఎక్కడా పాత ముక్క మిగలకుండా నేనే రెండు వైపులా విని చూసుకున్నాను.

అధికారి వచ్చాడు. అయిదు నిమిషాలు కూర్చుని, చాయ్ తాగి, రిజిస్టరులో సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. క్యాసెట్ పెట్టమని అడగనే లేదు.

ఆయన వెళ్ళిపోయాక అక్క, "ఇగ మన తీరుగ సదవాల్నా?" అని అడిగింది. ఇదే బాగుందని చెప్పాను. వాడలో వినేవాళ్ళు కొంచెం తగ్గారు. రాట్నం అవ్వ, "ఇప్పుడు రేడియోనే వెట్టుకుంటున్నం తీ సారూ, గది గూడ గిట్లనే ఉంటది గద" అంది. నాకు కోపమొచ్చింది.

మూడేళ్ళు అలాగే నడిచింది. అక్క ఆయాసం పెరిగింది. గ్రంథాలయం మూడు మెట్లెక్కి, రికార్డు మొదలుపెట్టే ముందు కాసేపు బీరువాకు ఆనుకుని నిలబడేది. కాళ్ళు వాచాయి. ఆలేరులో చూపిస్తే, గుండెలో తలుపులాంటి భాగమొకటి చెడిపోయిందని, చిన్నప్పటి జ్వరాల వల్ల అయి ఉంటుందని, హైదరాబాదులో ఆపరేషన్ చేయించాలని చెప్పారు. ఆ ఊపిరి అలా వినిపించడానికి కారణం అదని అప్పుడు తెలిసింది. డాక్టరు చెప్తుంటే నేను గోడమీది క్యాలెండరు వైపు చూస్తూ నిలబడ్డాను. అక్కను చూసే ధైర్యం లేకపోయింది.

హైదరాబాదు వెళ్ళేముందు రోజు కూడా అక్క వచ్చి చదివింది. వద్దంటే వినలేదు. పిల్లకు అప్పటికి అయిదేళ్ళు. బీరువాల మధ్య కూర్చుని గచ్చకాయలు ఆడుకుంటోంది. చదవడం అయ్యాక అక్క క్యాసెట్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. క్యాసెట్ వెనక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలుంటాయి. అవి విరిచేస్తే దానిమీద ఇక వేరేది రికార్డు కాదు. ఆ సంగతి నేనే అక్కకు చెప్పాను.

"తమ్మీ, ఒక్కదానికి గివి ఇరగ్గొట్టి పక్కన వెట్టరా" అంది. "పోరికి ఉంటది. ఏమన్న అయితే గీ గొంతన్న ఉంటది."

"నీకేమైతది అక్కా" అన్నాను. ఆ రోజు నా భాష కూడా జారింది. "వచ్చినంక మంచిగ కొత్తది చదువుదువు. పిల్లకోసమే చదువుదువు. ఇవి లైబ్రరీవి, స్టాకు రిజిస్టరుల ఉన్నయి. లెక్కకు ఆరు ఉండాలె."

అక్క "సరే తీ" అంది. క్యాసెట్ బల్లమీద పెట్టి, పిల్ల చేయి పట్టుకుని మెట్లు దిగింది.

ఒక ఖాళీ క్యాసెట్ ఆలేరు బజారులో దొరికేది. కొనుక్కొచ్చి దానిమీద పిల్లకోసం నాలుగు మాటలు చెప్పించడానికి ఒక పూట చాలు. నాకు ఆ పూట తట్టలేదు. తిరిగి వస్తుందనుకున్నాను. తిరిగి రాదేమో అన్న ఆలోచన రానిస్తే అది నిజమవుతుందేమోనని కూడా భయపడి ఉంటాను. ఇవన్నీ ఇప్పుడు చెప్పుకునే సాకులు.

మరునాడు బావ అక్కను తీసుకుని ఆలేరులో రైలెక్కాడు. పిల్లను మా ఇంట్లో వదిలారు. నేను స్టేషన్‌ దాకా వెళ్ళి గ్రంథాలయం తెరిచే టైముకు తిరిగొచ్చాను. వాడవాళ్ళు వార్తలు అడుగుతారు, సేవ ఆగకూడదు. ఊరి బడిలో కొత్తగా వచ్చిన టీచరమ్మను బతిమాలితే, పొద్దున బడికి ముందు వచ్చి చదవడానికి ఒప్పుకుంది. మంచి ఉచ్చారణ ఆమెది. ఒక్కసారి చెప్తే చాలు. రికార్డు చేసే ఎర్ర మీట నేనే నొక్కాను. రోజూ నేనే నొక్కాను. రోజుకొక క్యాసెట్, రెండు వైపులా, ఒక్కరోజు కూడా తప్పకుండా. అక్క లేకపోయినా సేవ ఆగలేదని నెలాఖరు నివేదికలో గర్వంగా రాసుకుందామని కూడా అనుకున్నాను.

ఆపరేషన్ ఇవాళ రేపు అంటూ రెండు వారాలు గడిపారు. పదిహేనో రోజు మధ్యాహ్నం పోస్టాఫీసుకు ఫోన్ వచ్చిందని మనిషిని పంపారు. అక్క ఆపరేషన్ దాకా ఆగలేదు.

కర్మకాండలన్నీ అయ్యాయి. బావ మగ్గం ఆపేసి ఒక మూల కూర్చున్నాడు. పిల్ల మా ఇంట్లోనే ఉంది. పెద్దగా ఏడ్చేది కాదు. నిద్ర లేవగానే గడప దగ్గరికి వెళ్ళి చూసి, వచ్చి కూర్చునేది. ఒకరోజు అన్నం తినిపిస్తుంటే, "అమ్మ ఎట్ల మాట్లాడేది మామా?" అని అడిగింది. "ఎందుకు బిడ్డా" అంటే, "మర్శిపోతున్న" అంది.

ముద్ద కంచంలో పెట్టేసి గ్రంథాలయానికి పరుగెత్తాను.

ఆరు క్యాసెట్లూ ఒక్కొక్కటి పెట్టి కొంచెం కొంచెం విన్నాను. టీచరమ్మ, టీచరమ్మ, టీచరమ్మ. వాడలోకి పోయి ఎవరింట్లోనైనా అక్క చదివింది తమ సొంత క్యాసెట్‌లోకి ఎక్కించుకున్నారేమో అడిగాను. మా ఊళ్ళో అలా ఎక్కించుకునే మిషన్ ఎవరి దగ్గరా లేదు. రాట్నం అవ్వ నా చేతులు పట్టుకుని ఏడ్చింది.

ఆఖరికి క్యాసెట్లన్నీ సంచిలో వేసుకుని జడ్చర్ల వెళ్ళాను. రేడియోలు, టేపులు బాగుచేయడంలో అక్కడి సాయిబు చేయి మంచిదని ఎవరో చెప్పారు. రోజంతా బస్సులు మారి వెళ్ళాను. బక్కపలచటి పెద్దమనిషి, కంటికి ఒక గాజుబిళ్ళ తగిలించుకుని పని చేస్తున్నాడు. చెప్పిందంతా విన్నాడు. ఎవరి గొంతని అడిగాడు. అక్కది అన్నాను.

"సార్, పైన రాసినంక కింద గొంతు ఉండది. పలక తుడిసినట్టే" అన్నాడు. నేను కదల్లేదు. నా మొహంలో ఏం కనిపించిందో ఏమో, "ఫికర్ జెయ్యకుండ్రి, జర కూసోండ్రి" అని చెక్క స్టూలు వేశాడు. చేతిలోని పనులన్నీ పక్కకు పెట్టి, ఒక్కొక్క క్యాసెట్టే తీసుకుని చివర్లు వినడం మొదలుపెట్టాడు. "కొత్తామె జల్ది ముగిస్తె, ఆఖర్ల పాతది జర మిగులుతది" అన్నాడు. నాకు ఆ ఆలోచనే రాలేదు.

నాలుగో క్యాసెట్ మొదటి వైపు, టీచరమ్మ వార్తలు ముగించాక, ఒక టక్కుమన్న చప్పుడు. తరువాత అక్క.

"...రాగల ఇరవై నాలుగు గంటల్లో తెలంగాణలో అక్కడక్కడా తేలికపాటి జల్లులు పడే అవకాశం ఉన్నదని వాతావరణ శాఖ తెలియజేసింది. కోస్తాలో..." అక్కడ ఒక ఊపిరి. "...కోస్తాలో ఒకటి రెండు చోట్ల భారీ వర్షం కురియవచ్చు..." నిమిషం కూడా లేదు. ఆ తరువాత ఖాళీ.

ఆ ఊపిరి విని నేను దుకాణంలో అందరి ముందూ ఏడ్చాను. ఎన్నిసార్లు ఆ ఊపిరి వినిపించకూడదని మళ్ళీ చదివించానో, ఎలా తప్పించుకుని అది అక్కడ నిలబడిందో. సాయిబు గాజుబిళ్ళ తీసి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ ముక్కను కొత్త క్యాసెట్‌లోకి ఎక్కించి, వెనకవైపు రెండు ముక్కలూ విరిచి నా చేతికిచ్చాడు. పనికి ఏమీ తీసుకోలేదు.

ఇంటికి వచ్చేసరికి పిల్ల అరుగుమీద కూర్చుని ఉంది. కాళ్ళు కూడా కడుక్కోకుండా టేప్ రికార్డరు తెచ్చి ఆమె ముందు పెట్టాను. "అమ్మ మాట్లాడుతది, విను బిడ్డా" అన్నాను. పిల్ల మోకాళ్ళమీద ముందుకు జరిగి చెవి దగ్గరగా పెట్టింది. మీట నొక్కాను.

జల్లులు. కోస్తా. ఊపిరి. భారీ వర్షం. ఖాళీ.

పిల్ల ఇంకా వస్తుందని కాసేపు అలాగే వంగి ఉంది. తరువాత నా వైపు చూసింది. "మల్ల వెట్టు" అంది. పెట్టాను. ఈసారి నుదురు ముడేసి, కళ్ళు మూసుకుని వింది. మూడోసారి పెట్టబోతే నా చేయి పట్టుకుని ఆపింది.

"గిది అమ్మ గాదు మామా" అంది. "అమ్మ గిట్ల మాట్లాడది."

"అమ్మే బిడ్డా. పేపర్ చదువుతున్నది."

"కాదు. అమ్మ నాకు ఎరికె." నన్ను ఓదారుస్తున్నట్టు మెల్లగా అడిగింది. "గీమె రేడియోల ఆమె గదా?"

ఆ పిల్ల మొహం చూస్తూ, అబద్ధం చెప్పడం కంటే వేరే దారి కనిపించలేదు. అది అబద్ధమో కాదో కూడా నాకు తెలియలేదు.

"ఔను బిడ్డా" అన్నాను. "రేడియోల ఆమె."